రెండు వేళ్ల బరువు

మోటారుసైకిలు మీద కుడిచేతికి ఉన్నంత పేరు ఎడమచేతికి లేదు. యాక్సిలరేటరు కుడిచేతిలోనే, ముందు బ్రేకూ కుడిచేతిలోనే. ‘వాడు బండి భలే రైజ్ చేస్తాడ్రా’ అంటారే గానీ, ‘వాడు క్లచ్ భలే వదుల్తాడ్రా’ అని ఎవరైనా మెచ్చుకోగా విన్నారా? కానీ అనుభవమున్న ఏ మెకానిక్‌నైనా అడిగి చూడండి. బండి ఎవరి దగ్గర ఎన్నాళ్లు బతుకుతుందో వాళ్ల ఎడమచేతిని చూసి చెప్పేస్తాడు.

ఇంజను ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. వెనక చక్రం మాత్రం కదలాలి, ఆగాలి, మళ్లీ కదలాలి. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని సర్దుబాటు చేసే పెద్దమనిషే క్లచ్. మన ఊళ్లలో తిరిగే చిన్న బళ్లలో అది ఇంజను పక్క మూత వెనకాల, ఆయిల్లో తడుస్తూ ఉంటుంది. కార్కులాంటి పూత ఉన్న ప్లేటొకటి, దాని పక్కన నున్నటి ఉక్కు ప్లేటొకటి, మళ్లీ కార్కుది, మళ్లీ ఉక్కుది. అప్పడాల దొంతర అనుకోండి. ఆ దొంతరను స్ప్రింగులు గట్టిగా అదిమి పడతాయి. మనం లీవరు నొక్కితే పట్టు సడలుతుంది. వదిలితే బిగుస్తుంది. నొక్కినప్పుడు పూర్తిగా విడిపోవాలి, వదిలినప్పుడు పూర్తిగా అతుక్కోవాలి. క్లచ్‌కు వచ్చే జబ్బుల్లో చాలావరకు ఈ రెండు పనుల్లో ఏదో ఒకటి సగమే జరగడం వల్ల వచ్చేవే.

ఈ పాఠం నాకు మా నాన్న సీడీ 100 నేర్పింది.

హీరో హోండా కంపెనీ 1984లో పుట్టింది. 1985లో సీడీ 100ను మార్కెట్లోకి దించింది. 97.2 సీసీల ఫోర్ స్ట్రోకు ఇంజను. రాజ్‌దూత్‌లకూ స్కూటర్లకూ పెట్రోలులో ఆయిలు కలిపి పోయించుకోవడం అలవాటైన జనానికి ఆ బాధ లేని బండి దొరికింది. ‘పెట్రోలు పోయండి, మూత పెట్టండి, ఇక మరిచిపోండి’ అన్న అర్థం వచ్చే ఆ కంపెనీ ప్రకటన ఆ తరం వాళ్లకు ఇప్పటికీ గుర్తే. 1994లో వచ్చిన స్ప్లెండర్‌లోనూ అదే 97.2 సీసీల ఇంజనే. 2010 చివర్లో హీరో, హోండా విడిపోవాలని నిర్ణయించుకున్నాయి. 2011లో హీరో మోటోకార్ప్ అని పేరు మారింది. పేరు మారినా, ఆ కుటుంబానికి చెందిన బళ్లు మాత్రం రోడ్డు మీద నుంచి పోలేదు. మా ప్రొద్దుటూరులో స్పేర్‌పార్ట్స్ షాపు కౌంటరు ముందు నిలబడి ‘సీడీ హండ్రెడ్‌కు క్లచ్ ప్లేట్లు’ అని అడిగితే ఎవరూ నవ్వరు. అట్టపెట్టె తీసి ఇస్తారు.

నాన్న ఆ బండిని 1991లో కొన్నాడు. ఏపీ 04 నంబరు. ఆయనది చేనేత చీరల వ్యాపారం. ప్రొద్దుటూరును బంగారు అంగళ్ల ఊరుగానే బయటివాళ్లు ఎరుగుదురు గానీ, మగ్గాల ఊరు కూడా. నేతగాళ్ల దగ్గర చీరలు తీసుకుని, మూట కట్టి, ఒక వారం జమ్మలమడుగు, ఇంకో వారం పులివెందుల తిరిగేవాడు. మూట ముందర ట్యాంకు మీద. సెలవు రోజైతే మూట వెనక నేను, మధ్యలో నాన్న, వెనక అమ్మ. ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే దారిలో ఎర్రటి ఎండలో ఆ బండి చప్పుడు నాకు జోలపాటలాగా ఉండేది.

2021లో నాన్నకు ఎడమపక్క పక్షవాతం వచ్చింది. కాలు కొన్ని నెలల్లో దారికొచ్చింది. చెయ్యి మాత్రం మొరాయించింది. బండి వసారాలో ఒక మూలకు చేరింది. పాత ఇనుప సామాన్లు కొనేవాడు గేటు ముందు ఆగినప్పుడల్లా దానివైపు ఆశగా చూసేవాడు. అమ్మేద్దామంటే నాన్న అమ్మడు. ఎవరికైనా ఇద్దామంటే ఇవ్వడు. పోనీ నువ్వు తోలుకో అని నాతోనూ అనడు. ఆదివారం పూట గుడ్డ తీసుకుని ఒంటిచేత్తో తుడుచుకుంటూ ఉండేవాడు.

చేతికి ఎక్సర్‌సైజులు చేయించడానికి వచ్చే అబ్బాయి మెత్తటి బంతి ఒకటి ఇచ్చి పిసకమన్నాడు. రెండు రోజులు పిసికి నాన్న దాన్ని పక్కన పడేశాడు. ‘పిల్లకాయలు ఆడుకునేది నాకిస్తాడేంది’ అని. మూడోరోజు చూస్తే మెయిన్ స్టాండు వేసిన బండి మీదెక్కి కూర్చుని క్లచ్ లీవరు నొక్కడానికి అవస్థ పడుతున్నాడు. అది కదలడం లేదు. మంచి చెయ్యి ఉన్న నేను నొక్కినా గట్టిగానే ఉంది.

అక్కడ మొదలైంది మా మరమ్మతు.

లీవరు గట్టిగా ఉంటే అందరూ మొదట ఇంజనును అనుమానిస్తారు. నిజానికి చాలాసార్లు తప్పు వైరుది. క్లచ్ వైరు అంటే గొట్టంలో నడిచే ఉక్కు తీగల పురి. దుమ్ము, వాన నీళ్లు, ఎండ. ఇన్ని పడ్డాక లోపల తుప్పు పడుతుంది. నాన్న చెబుతుంటే నేను చేశాను. లీవరు దగ్గర వైరు కొస ఊడదీశాను. పాలిథిన్ కవరు మూలను చిన్న గరాటులా చేసి, గొట్టం మూతికి దారంతో బిగించి, అందులో నాలుగు చెంచాల ఆయిలు పోసి రాత్రంతా అలాగే వేలాడదీశాను. తెల్లారేసరికి కింది కొస నుంచి నల్లటి ఆయిలు బొట్లు బొట్లుగా కారింది. లీవరు తిరిగే బోల్టును తీసి తుడిచి గ్రీజు పెట్టాను. మళ్లీ తగిలించి నొక్కితే లీవరు వెన్నలా దిగింది. ఖర్చు చెప్పుకోవడానికి కూడా లేదు.

నాన్న లీవరు నొక్కాడు. సగం దాకా వచ్చింది. ఆ రోజు నుంచి పొద్దున ఇరవై, సాయంత్రం ఇరవై. ఆ చెయ్యి కొంత కోలుకోవడం బండి మహిమ అని నేననను. మందులున్నాయి, డాక్టరున్నాడు, ఎక్సర్‌సైజులున్నాయి. కానీ బంతి పక్కన పడేసిన మనిషి లీవరును పక్కన పడెయ్యలేదు. నాలుగు నెలలకు లీవరు పూర్తిగా హ్యాండిల్‌ను తాకింది. ఆ పూట ఆయన నావైపు చూసి, ‘ఇంగ నువ్వు తోలుకోపో. ఊరికే పెడితే పాడయితాది’ అన్నాడు.

నా ఉద్యోగం జమ్మలమడుగులో. రోజూ బస్సులో పోయేవాణ్ని బండి మీద పోవడం మొదలుపెట్టాను. చదును రోడ్డు మీద బాగానే ఉండేది. ఎత్తు తగిలితే మాత్రం టాప్ గేరులో ఇంజను అరుపు పెరిగేది, వేగం పెరిగేది కాదు. ఒకోసారి కాలిన వాసన. మెకానిక్కులు ‘క్లచ్ జారుతోంది’ అనేది దీన్నే. వదిలినప్పుడు అతుక్కోవలసిన ప్లేట్లు సగమే అతుక్కుంటున్నాయన్నమాట.

ఒక షెడ్డులో చూపిస్తే, మూతైనా తియ్యకుండా ‘క్లచ్ మొత్తం సెట్టు మార్చాల’ అన్నారు. చెప్పిన రేటుకు ఇనుప సామాన్లవాడికి అమ్మడమే లాభం అనిపించేటట్టుంది. జమ్మలమడుగులో మా ఆఫీసు వాళ్లు ఇంకో పాత మెకానిక్‌ను చూపించారు. అరవై దాటిన మనిషి. అందరూ భాయ్ అంటారు.

భాయ్ బండి స్టార్ట్ చెయ్యనే లేదు. ముందు లీవరును వేలితో కదిలించాడు. ‘సారూ, రోగాన్ని బయటినుంచి లోపలికి ఎతకాల. లోపలినుంచి ఎతుక్కుంటా వస్తే ముందు మీ జేబుకొస్చాది రోగం’ అన్నాడు.

ఆయన వెతికిన వరస మీకూ పనికొస్తుంది, రాసిపెట్టుకోండి. మొదటిది లీవరు ఆట. లీవరు చివర పట్టుకుని కదిలిస్తే పట్టు తగలకముందు కొంచెం వదులుగా ఆడాలి. పది నుంచి ఇరవై మిల్లీమీటర్లు, అంటే వేలి వెడల్పంత. ఆ ఆట అసలు లేకపోతే మీరు నొక్కకపోయినా క్లచ్ కొద్దిగా నొక్కినట్టే ఉంటుంది, జారుతుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ ఆట తగ్గుతూ వస్తుంది కాబట్టి అప్పుడప్పుడు చూసుకోవాలి. మా బండికి ఆట శూన్యం. ఇంజను దగ్గర వైరు కొసన ఉండే నట్లు తిప్పి సరిచేశాడు. హ్యాండిల్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, వైరు ఎక్కడా లాగడం లేదని చూసుకున్నాడు.

రెండోది ఆయిలు. గేజీ తీసి వేళ్ల మధ్య రాసి చూశాడు. ‘ఇది మార్చి శానా దినాలైనట్టుండాది. ఏ ఆయిలు పోసినారో కూడా తెలీదు’ అన్నాడు. ఈ చిన్న బళ్లలో ఇంజనుకూ గేర్లకూ క్లచ్‌కూ ఆయిలు ఒకటే. కార్ల కోసం తయారుచేసే కొన్ని ఆయిళ్లలో రాపిడిని తగ్గించే మందులు కలుపుతారు. కారులో క్లచ్ పొడిగా వేరే చోట ఉంటుంది కనుక నష్టం లేదు. ఆయిల్లో తడిసే క్లచ్‌కు రాపిడే ప్రాణం. అందుకే డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అన్న గుర్తు ఉందో లేదో చూసి కొనుక్కోవాలి. గేర్ల బండికి అదే సరైనది. లీటరు నిండా పట్టని ఆయిలు కోసం కక్కుర్తి పడితే ప్లేట్లు మూల్యం చెల్లిస్తాయి.

ఆయిలు మార్చాక చాలావరకు తేలికైంది. అయినా ఎత్తు మీద ఇంకా జారుతోంది. మూడోరోజు మాత్రమే భాయ్ పక్క మూత విప్పాడు. కిక్ రాడ్ ఊడదీసి, ఆయిలు వంచి, బోల్టులు ఒక్కొక్కటీ తీసి, అట్టముక్క మీద మూత ఆకారంలోనే గుచ్చిపెట్టాడు. పొట్టి బోల్టు ఉన్నచోట పొడుగుది పడితే మూత పగులుతుందట. ప్లేట్లు బయటికి వచ్చాయి. కార్కు పూత అరిగి నున్నగా మెరుస్తోంది. ఉక్కు ప్లేట్లలో రెండు నీలి రంగుకు తిరిగాయి. బాగా వేడెక్కినదానికి గుర్తు అది. మిగతావాటిని పాత అద్దం ముక్క మీద పెట్టి, ఎక్కడైనా వంపు తిరిగాయేమోనని కింద సందు చూశాడు. ప్లేట్లు కూర్చునే గిన్నెలాంటి హౌసింగును చేతిలోకి తీసుకుని, దాని వేళ్ల మీద గంట్లు పడ్డాయేమోనని గోటితో తడిమాడు. గంట్లు లోతుగా ఉంటే ప్లేట్లు జరగలేక ఇరుక్కుంటాయి. మాది బాగానే ఉంది. అంటే మొత్తం సెట్టు అక్కరలేదు. ప్లేట్లు, స్ప్రింగులు, మూత కింది ప్యాకింగు. అంతే.

ఇంకో మాట కూడా అన్నాడు. లీవరును ఎండకు పట్టి చూపించాడు. పాతబడి మసకబారిన లీవరు మీద సరిగ్గా రెండు చోట్ల మాత్రం అద్దంలా తళతళ.

‘దీన్ని ఎవరు తోలినారు సారూ? ఎప్పుడూ రెండేళ్లు లీవరు మీదనే పెట్టి తోలినారు. నొక్కడం గాదు, ఊరికే ఆనించి పెట్టుకోవడం. ఆ బరువు చాలు, ప్లేట్లు ఎప్పుడూ సగం పట్టులోనే ఉంటాయి.’

ఆ రెండు మెరుపుల కొలత ఎవరి వేళ్లదో నాకు వేరే చెప్పనక్కర్లేదు.

కొత్త ప్లేట్లను భాయ్ ఆయిల్లో నానబెట్టాడు. పొడిగా బిగిస్తే మొదటి రోజే కాలిపోతాయి. స్ప్రింగులన్నీ ఒకేసారి కొత్తవి వేసి, బోల్టులను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాడు. పాత ప్యాకింగును స్క్రూడ్రైవరుతో పొడవకుండా ఓపిగ్గా గీకాడు. వైరు పైకొసలో నాలుగు పోగులు తెగి ఉన్నాయని దాన్నీ మార్చాడు. అయినా డబ్బు తీసుకోలేదు. ‘గండికోట ఎక్కించి తీస్కరాపో, ఆ తర్వాత చూద్దాం లెక్క’ అన్నాడు. క్లచ్ చేసిన ప్రతి బండికీ ఆయన పెట్టే పరీక్ష అదేనట. జమ్మలమడుగు నుంచి కోటకు దాదాపు పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల మీదికి రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. కింద లోయలో పెన్న. ముప్పై ఏళ్లు దాటిన బండి మూడో గేరులో, అరుపుకు తగ్గ వేగంతో, వాసన లేకుండా పైకెక్కింది. కోట వాకిలి దగ్గర ఆపి ఫోటో తీసి నాన్నకు పంపాను.

ఇంటికొచ్చాక రెండు వేళ్ల సంగతి అడిగాను. తప్పు పట్టడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని.

నాన్న కాసేపు ఊరకున్నాడు. ‘ముందర మూట మీద నువ్వు. యెనక మీ అమ్మ. బజారులో ఏ గొడ్డు అడ్డమొస్తాదో, ఏ పిల్లోడు ఉరికొస్తాడో! చెయ్యి తీసి నిమ్మళంగా యెట్ల తోలేది?’ అన్నాడు. కాసేపాగి, ‘ప్లేట్లు పోతాయని ఆ మెకానిక్కులు అప్పుడూ చెప్పినారు. పోతే పొయినాయి, రెండుమూడేండ్లకొకసారి మార్చుకుంటి’ అన్నాడు.

అరిగిన ప్లేట్ల లెక్క అప్పటికి నాకు పూర్తిగా అర్థమైంది. క్లచ్ పుస్తకం ప్రకారం ఆయన తోలడం తప్పే. ఖాళీ రోడ్డు మీద వేళ్లు లీవరు మీద ఉండకూడదు. కానీ ఆ రెండు వేళ్లూ ముప్పై ఏళ్లపాటు మోసింది లీవరును కాదు.

మా అక్క కొడుకు పులివెందుల దగ్గర చీనీ తోట చూసుకుంటాడు. తోటకూ ఊరికీ తిరగడానికి టీవీఎస్ ఎక్సెల్ ఉంది వాడికి. దానికి క్లచ్ లీవరే ఉండదు. ఇంజను వేగాన్ని బట్టి దానంతటదే పట్టుకుంటుంది, వదులుతుంది. అది పాతబడి మూలకు చేరింది. కొత్త బండి కొనడానికి ఆ ఏడు చీనీ ధర వాణ్ని కరుణించలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు వాడు సీడీ 100 చుట్టూ రెండుసార్లు తిరిగాడు గానీ నోరు తెరిచి అడగలేదు. నాన్నే గమనించాడు.

‘రేయ్ అబ్బీ, తీసుకోపో. కాకుంటే పేరు కూడా మార్పించుకో. బండి నీకాడ, పేరు నాకాడ... ఆ సగం సగం యవ్వారం వద్దు’ అన్నాడు.

నాలుగేళ్లుగా అమ్మనూ లేక, ఇవ్వనూ లేక పట్టుకున్న చెయ్యి ఒక్క మాటలో వదిలేసింది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టాడు. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కనుక ఆ గడువు కూడా చూసుకోమన్నాడు. వాణ్ని బండి మీద కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. గేరు మార్చేటప్పుడు పూర్తిగా నొక్కు, తర్వాత పూర్తిగా వదులు. దుక్కిలో, ఇసకలో హాఫ్ క్లచ్ మీద ఈడ్చొద్దు, దిగి నెట్టు. సిగ్నలు దగ్గర గేరులో పెట్టి లీవరు పట్టుకుని నిలబడొద్దు, న్యూట్రల్ చెయ్యి. చాలా రోజులు నిలబెట్టిన బండికి ఆయిల్లో ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. గేరు వేసి, క్లచ్ నొక్కి పట్టుకుని, బండిని ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఊపు. విడిపోయాక స్టార్ట్ చెయ్యి. లేకుంటే ఫస్ట్ గేరు వెయ్యంగానే ఎగిరి దూకుతుంది.

నేనే ఆ బండిని పులివెందులకు తోలుకుపోయాను. జమ్మలమడుగులో భాయ్‌కు చూపించి, పెన్న వంతెన దాటి, ముద్దనూరు మీదుగా. అదే దారి, అదే చప్పుడు. ముందర మూట లేదు, అంతే తేడా.

నెల తిరిగాక మేనల్లుడు ఫోన్ చేశాడు. ‘మామా, గేర్లు గట్టిగా పడతాండాయి. నిలబెడితే న్యూట్రల్ దొరకదు. క్లచ్ నొక్కినా బండి ముందుకు లాగుతాంది. ఈడ షెడ్డులో చూపిస్తే మళ్లా ప్లేట్లు విప్పాలంటాండారు.’

ఇది మొదటి జబ్బుకు సరిగ్గా ఎదురు జబ్బు. అప్పుడు సగమే అతుక్కున్నాయి, ఇప్పుడు సగమే విడిపోతున్నాయి. ఉక్కు ప్లేటు వంపు తిరిగినా ఇలాగే ఉంటుంది, హౌసింగుకు గంట్లు పడినా ఇలాగే ఉంటుంది. నేను ఏదో చెప్పబోతుంటే నాన్న చెయ్యి చాపాడు. ఎడమచెయ్యే. ఫోన్ జారిపోకుండా పట్టుకున్నాడు.

‘ఏమీ విప్పొద్దు. లీవరు కొసాకు ఎంత ఆడతాందో చూడు.’

‘రెండు వేళ్ల మందముంది తాతా.’

‘అదే. కొత్త వైరు గదా, సాగింటాది. కింద నట్టు తిప్పి వేలు మందానికి తీస్కరా. రెండు పానాలు చాలు. పో, ఇప్పుడే చెయ్యి, నేను లైన్లోనే ఉంటా.’

అవతల పానా నట్టుకు తగిలిన చప్పుడు వినబడింది. తర్వాత కిక్కు, ఆ తర్వాత ఇంజను. గేరు పడిన చిన్న ‘టక్’ కూడా వినిపించింది. మళ్లీ ఇంకో ‘టక్’.

‘న్యూట్రల్ పడింది తాతా!’

‘పడకుండా యాడికి పోతాది. సరే, ఇప్పుడు నీ ఎడమచెయ్యి యాడుంది?’

‘లీవరు మీదనే...’

‘తియ్. రోడ్డెక్కినాక ఆ చెయ్యి గ్రిప్పు పట్టుకోవాల, లీవరు గాదు’ అని, ఒక్క క్షణం ఆగి, ‘రేపు పెండ్లయి పిల్లోణ్ని ముందర కూచోబెట్టుకునేప్పుడు చూద్దాంలే’ అన్నాడు నాన్న.